ఆపరేటరమ్మ చెవిలో పడ్డ సున్నా

డిపోలో ఆమెని ఇప్పటికీ ఆపరేటరమ్మ అనే పిలుస్తారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజి ఎత్తేసి ఆరేళ్ళు దాటింది. ఆ గదిలో ఇప్పుడు టైర్ల రికార్డులు గుట్టలుగా పడున్నాయి. ఆమె చేసేది ప్రోగ్రాములు రాసే పని. అయినా పేరు మారలేదు, మార్చమని ఆమె అడగనూ లేదు. "ప్రోగ్రామరమ్మ అంటే సగంమందికి నోరు తిరగదు. ఉన్నదే ఉండనివ్వండి" అంది.

ఏడో ఏట జ్వరమొచ్చి చూపు పోయింది. ఎవరైనా జాలిగా కదిపితే, "పోయింది కళ్ళే కదండీ, బుర్ర ఎక్కడికీ పోలేదు" అని మాట తిప్పేస్తుంది. ఇరవై రెండో ఏట ఈ బస్సు డిపోలో ఆపరేటరుగా చేరి, పద్నాలుగేళ్ళు టెలిఫోన్ బోర్డు ముందే కూర్చుంది. నాలుగువందల మంది డ్రైవర్లు, కండక్టర్ల గొంతులు ఆమెకి కంఠతా వచ్చు. అవతలివాళ్ళు హలో అనకముందే, ఊపిరి తీసుకునే తీరునిబట్టి ఎవరో చెప్పేసేది. అందులో ఒక డ్రైవరు పనున్నా లేకపోయినా రోజుకి రెండుసార్లు ఫోను చేసేవాడు. "డిపో దగ్గర వర్షం పడుతోందాండీ?" అని ఒకసారి, "ఆగిందాండీ?" అని ఇంకోసారి. ఎండాకాలంలో కూడా అదే ప్రశ్న అడిగేసరికి ఆమెకి సంగతి అర్థమైంది. ఆ ఏడు తిరక్కుండానే పెళ్ళయింది.

ఎక్స్ఛేంజి ఎత్తేసినప్పుడు, మైకులో బస్సుల వేళలు చెప్పే పని ఇస్తామన్నారు పైవాళ్ళు. ఆమె ఒప్పుకోలేదు. రాసిచ్చింది చదివే పనయితే చిలక కూడా చేస్తుందంది. పక్కగదిలో డ్రైవర్ల డ్యూటీ చార్టు తయారుచేసే ప్రోగ్రాము రాసినాయన ఉండేవాడు. ఒకప్పుడు లెక్కల టీచరు కావడంతో అందరూ మాస్టారు అనేవాళ్ళు. ఆమె కర్ర తట్టుకుంటూ నేరుగా ఆయన గదికే వెళ్ళింది.

"మాస్టారూ, మీ పని నాకు నేర్పండి."

"నేను వాడే భాష కాస్త వేరమ్మా. ఫంక్షనల్ భాష అంటారు. బజారులో ఎక్కువమంది నేర్చుకునేది అది కాదు."

"వేరంటే ఎలా వేరు?"

"ఇందులో అంతా ఫంక్షన్లే. ఒక ఫంక్షనుకి మనం ఒకటి ఇస్తాం, అది ఒకటి తిరిగిస్తుంది. ఇవాళ ఇచ్చినా, వచ్చే ఏడు ఇచ్చినా, అదే ఇస్తే అదే జవాబు. మనకి తెలీకుండా వెనకనుంచి ఎవరి సామానూ కదపదు."

"ఇదేదో మర్యాదస్తుల భాషలా ఉందే" అంది ఆమె. "నాకు సరిపోతుంది."

సరిపోయింది కూడా. కంప్యూటరు తెరమీద ఉన్నది చదివి వినిపించే గొంతొకటి ఉంటుంది, ఇయర్‌ఫోనులో దాన్ని వింటూ నేర్చుకుంది. మొదట్లో నెమ్మదిగా వినేది. రెండేళ్ళు తిరిగేసరికి ఆ గొంతుని ఎంత వేగంగా పరిగెత్తించేదంటే, పక్కనున్నవాళ్ళకి పెనంమీద గింజలు చిటపటలాడుతున్నట్టు తప్ప ఒక్క ముక్క తెలిసేది కాదు. కళ్ళున్నవాళ్ళు ఒక పేజీని పైకీ కిందకీ చూస్తారు. ఆమెకి ఆ వీలు లేదు. వినేది ఒక వరుసలోనే, మొదటినుంచి చివరిదాకా. అందుకే ఒక ఫంక్షనులో జరిగేదంతా ఆ ఫంక్షనులోనే కనబడాలనే పద్ధతి ఆమెకి ప్రాణంగా తోచింది.

మాస్టారు రిటైరయ్యాక ఆ కుర్చీలోకి కొత్తాయన వచ్చాడు. ముప్పై రెండేళ్ళుంటాయి. టైపు చేస్తుంటే రేకుల మీద వాన పడ్డట్టుండేది. పని తెలిసినవాడే, మనిషి కూడా మంచివాడే. కానీ నీళ్ళు కాగకముందే టీ వడకట్టే రకం. వారం తిరక్కుండా డిపో అంతా ఆయనకి తొందరయ్య అని పేరు పెట్టేసింది. ఆయనా నవ్వుతూ పలికేవాడు.

ఇద్దరికీ ఒక్క విషయంలోనే పడేది కాదు.

ప్రోగ్రాము రాసేవాళ్ళు అన్నీ తామే రాసుకోరు. తేదీల లెక్కలకీ, జాబితాలు కలపడానికీ, ముక్కలు చెయ్యడానికీ ఇదివరకే ఎవరో రాసిపెట్టిన ఫంక్షన్లుంటాయి. వాటి కట్టల్ని లైబ్రరీలంటారు. వాడుకోవడానికి రెండు దారులు. ఫైలు మొదట్లో 'ఓపెన్ డేట్' అని ఒక్క లైను రాస్తే, డేట్ అనే లైబ్రరీలో ఉన్న పేర్లన్నీ మొత్తంగా ఫైల్లోకి వచ్చిపడతాయి. ఆ తర్వాత వట్టి పేరు పెట్టి పిలిస్తే చాలు. అది తేలిక దారి. రెండోది, పిలిచిన ప్రతిసారీ లైబ్రరీ పేరూ కలిపి చెప్పడం. 'డేట్ డాట్ వీక్‌డే' అన్నమాట. కాస్త చేతికి పని, కానీ ఆ ఫంక్షను ఎక్కడిదో అక్కడే తెలుస్తుంది.

తొందరయ్య దారి ఓపెన్ దారి. ప్రతి ఫైలు నెత్తిమీదా ఎనిమిదో తొమ్మిదో ఓపెన్ లైన్లు ఉండేవి. ఆయనకి ఇబ్బంది లేదు. ఏ పేరుమీద మౌసు పెట్టినా, అది ఏ లైబ్రరీదో చెప్పే చిన్న డబ్బా తెరమీద తేలేది. ఆపరేటరమ్మ గొంతుకి ఆ డబ్బా అందేది కాదు. వీక్‌డే, యాడ్, స్ప్లిట్ అని పేర్లు వరసగా చెవిలో పడుతుంటే, ఏది ఏ గూటి పక్షో ఆమే గుర్తుపెట్టుకోవాలి. తొమ్మిది గూళ్ళు, గూటికి నలభై యాభై పక్షులు.

మూడుసార్లు అడిగింది. మూడోసారి ఆయన, "అక్కా, అన్నిచోట్లా లైబ్రరీ పేరు రాస్తే నా వేళ్ళు అరిగిపోతాయి" అన్నాడు.

"మీ వేళ్ళు అరిగితే నా చెవులు మిగుల్తాయి."

ఆయన గట్టిగా నవ్వి, పదో ఓపెన్ లైను రాసుకున్నాడు. ఆమె తను కొత్తగా రాసే ఫైళ్ళలో మాత్రం తన పద్ధతే పాటించింది. పాత ఫైళ్ళ జోలికి పోలేదు. ఉమ్మడి పని, పెద్ద కుర్చీ ఆయనది.

ఆ సోమవారం పొద్దున్న ఆమె డిపోకి బయల్దేరబోతోంది. భర్తకి సోమవారం వీక్లీ ఆఫ్. వంటింటి కుళాయి వాషరు మారుద్దామని కింద కూర్చుని, ఉన్న పనిముట్లన్నీ చుట్టూ పరిచాడు. ఏడుంపావుకి ఫోను మోగింది. డిపోలో బళ్ళు పంపే గుమాస్తా.

"ఎక్కడున్నారండీ? పదకొండో నంబరు బండి మీ పేరుమీద ఉంది. ప్రయాణికులు ఎక్కి కూర్చున్నారు."

"ఇవాళ నా ఆఫ్ కదయ్యా."

"చార్టులో లేదే. రేపు ఉంది మీ ఆఫ్."

ఆయన ఫోను పెట్టేసి, చేతిలో స్పానరుతో గుమ్మందాకా వచ్చాడు. "నీ ప్రోగ్రాము నా సెలవు మింగేసిందోయ్."

"మింగితే కక్కిద్దాం. ముందు చొక్కా వేసుకుని బయల్దేరండి. కుళాయి ఎక్కడికీ పారిపోదు" అంది.

డిపో గేటు దగ్గర స్కూటరు దిగేసరికి లోపల గోలగోలగా ఉంది. ఇరవై ముప్పైమంది ఒకేసారి మాట్లాడుతున్నారు. భర్త బండి దగ్గరికి పరిగెత్తాడు. ఆపరేటరమ్మ మాత్రం గేటు పక్కనే నిలబడి వింది. బొంగురు గొంతు, ముక్కుతో మాట్లాడే గొంతు, ప్రతి మాట చివరా 'అదే చెబుతున్నా' అనే గొంతు. ఒక్కొక్కటీ గుర్తుపట్టింది. వీళ్ళెవరూ సోమవారం డిపోలో ఉండాల్సినవాళ్ళు కాదు. అందరిదీ సోమవారం ఆఫే. ఆదివారం ఆఫ్ ఉండేవాళ్ళ గొంతులు ఎంత వెతికినా ఒక్కటీ తగల్లేదు.

ఎవరో ఆమెని చూసి అరిచారు. "అదిగో, ఆపరేటరమ్మ వచ్చింది. అడగండి."

"అడుగుదురుగానీ, ముందు నాకో మాట చెప్పండి" అంది ఆమె. "నిన్న ఆఫ్ తీసుకున్నవాళ్ళు ఇవాళ కూడా ఇంట్లోనే ఉన్నారా?"

"ఉండకేం? చార్టులో వాళ్ళకి ఇవాళ ఆఫ్ అని ఉంది. రెండ్రోజులు సెలవు కొట్టేశారు అదృష్టవంతులు."

"మరి మంగళవారం వాళ్ళకి?"

ఒకాయన గోడమీద అంటించిన చార్టు దగ్గరికి వెళ్ళి చదివాడు. మంగళవారం వాళ్ళకి బుధవారం. బుధవారం వాళ్ళకి గురువారం. ఎవరి సెలవూ పోలేదు. అందరిదీ ఒక్క రోజు పక్కకి జరిగింది. మొత్తం లెక్క ఎప్పటిలాగే సరిపోవడంతో శనివారం చార్టు తీసినప్పుడు ఎవరికీ అనుమానం రాలేదు.

మేనేజరు గారి గదిలో అప్పటికే తొందరయ్య నిలబడి ఉన్నాడు. మేనేజరు కోపంలో ఉన్నాడని ఆయన పెన్నే చెబుతోంది, బల్లమీద టకటకమని కొడుతోంది.

"ఏడు బళ్ళు ఆలస్యంగా కదిలాయి. రెండు అసలు కదల్లేదు" అన్నాడాయన. "ఆపరేటరమ్మా, శుక్రవారం ఆ ఫైల్లో చివరిసారి చెయ్యి పెట్టింది మీరేనట."

నిజమే. సెలవు దరఖాస్తుల భాగంలో ఒక చిన్న సవరణ చేసింది. తొందరయ్య ఆ మాట చెప్పాడో, కంప్యూటరే చెప్పిందో ఆమె అడగలేదు.

"చెయ్యి నాదేనండి. తప్పు నాది కాదు. ఒక గంట ఇవ్వండి."

"గంటలో తేలుతుందా?"

"మనుషుల తప్పయితే సెలవులు చెల్లాచెదురు అయ్యేవి. ఇది నాలుగువందల మందికీ ఒకేలా జరిగింది. వారాలు లెక్కపెట్టే చోట ఎవరో ఆదివారం బదులు సోమవారంతో మొదలెట్టారు. ఎక్కడో తెలుసుకోవడమే మిగిలింది."

ఆమె గొంతులో వణుకు లేకపోవడం చూసి మేనేజరు పెన్ను పక్కన పెట్టాడు.

తన బల్ల దగ్గర కూర్చుని, ఇయర్‌ఫోను చెవికి తగిలించుకుని, ఆ ఫైలుని మొదటి లైనునుంచి వింది. తొందరయ్య వెనకాలే నిలబడ్డాడు. తొమ్మిది ఓపెన్లు. మూడోది 'ఓపెన్ డ్యూటీ'. అది మాస్టారు స్వయంగా రాసిన లైబ్రరీ. ఆరోది 'ఓపెన్ డేట్'. అది బయటివాళ్ళు రాసి అందరికీ ఇచ్చింది. కింద ఎక్కడో, ఇవాళ ఏ వారమో అడిగేచోట, వట్టిగా 'వీక్‌డే' అని ఉంది.

ఒక్కొక్క ఫంక్షనునీ విడిగా అడిగి చూసుకునే కిటికీ ఒకటి ఉంటుంది ఆ భాషలో. అందులో ఆ తొమ్మిది ఓపెన్లూ అదే వరసలో పెట్టి, ఇవాళ్టి తేదీ ఇచ్చి, 'వీక్‌డే' అని అడిగింది.

"సున్నా" అంది గొంతు.

ఆపరేటరమ్మ వెనక్కి వాలింది. మాస్టారి లెక్కలో ఆదివారం సున్నా, సోమవారం ఒకటి. అది ఆయన మొదటి వారమే ఆమె చేత బట్టీ పట్టించిన ముక్క. ఇప్పుడు లైబ్రరీ పేరుని ఇంటిపేరులా కలిపి అడిగింది. 'డ్యూటీ డాట్ వీక్‌డే'.

"ఒకటి."

'డేట్ డాట్ వీక్‌డే'.

"సున్నా."

"విన్నారా?" అంది వెనక్కి తిరక్కుండానే.

తొందరయ్యకి వినపడలేదు, వినపడినా ఆ వేగంలో తెలిసేది కాదు. కానీ ఆమె టైపు చేసినవి చూశాడు, జవాబులూ చూశాడు. "డేట్ లైబ్రరీలో వీక్‌డే లేదక్కా ఇదివరకు" అన్నాడు.

"ఎప్పుడొచ్చింది?"

"కొత్త వెర్షనులో వచ్చుంటుంది. శుక్రవారం సాయంత్రం ఎక్కించాను. నేనే."

సంగతి అదీ. కొత్త వెర్షను రాసినవాళ్ళు తమ లైబ్రరీలో వీక్‌డే అనే ఫంక్షను కొత్తగా చేర్చారు. వాళ్ళ వారం సోమవారంతో మొదలవుతుంది. అందులో తప్పేం లేదు, ఎవరి లెక్క వాళ్ళది. మన ఫైల్లో మాత్రం మాస్టారి డ్యూటీ ముందు తెరుచుకుంది, డేట్ వెనక తెరుచుకుంది. ఒకే పేరు రెండుసార్లు వస్తే, వెనక వచ్చినదే నిలబడుతుంది ఆ భాషలో. మాస్టారి వీక్‌డేని కొత్త వీక్‌డే చప్పుడు చెయ్యకుండా కప్పేసింది. ఆ భాష నిజానికి మహా కచ్చితమైనది. అంకె అడిగినచోట మాట ఇస్తే గడప దాటనివ్వదు. కానీ రెండు వీక్‌డేలూ తేదీ పుచ్చుకుని అంకె ఇచ్చేవే. బయటికి కవల పిల్లల్లా ఉంటే అది మాత్రం ఏం చేస్తుంది? పేరు కప్పబడుతోందని హెచ్చరించే ఏర్పాటూ ఉంది. హెచ్చరికలు మరీ ఎక్కువ వస్తున్నాయని తొందరయ్య రెండేళ్ళ కిందే దాని నోరు మూయించాడు.

ఆపరేటరమ్మ 'వీక్‌డే' ముందు 'డ్యూటీ డాట్' చేర్చింది. ఇంగ్లీషులో చుక్కతో కలిపి ఐదు అక్షరాల పని. మళ్ళీ చార్టు తీయించి, ఇద్దరూ కలిసి మేనేజరు గారి గదికి వెళ్ళారు. ఆమె నోరు విప్పేలోపు తొందరయ్యే చెప్పేశాడు, తను ఎక్కించిన వెర్షను వల్లే జరిగిందని. చెప్పడానికి ముందు ఒక్కసారి గొంతు సవరించుకున్నాడు. అది ఆమె గమనించింది, మనసులో మెచ్చుకుంది.

"లైబ్రరీలో వాళ్ళు కొత్తగా ఏ పేరు పెట్టారో ఎవరు చూస్తారండీ?" అని కూడా అన్నాడు, కాస్త ఉక్రోషంగా.

"ఎవరూ చూడరు" అంది ఆమె. "అందుకే తలుపు బార్లా తీసిపెట్టద్దనేది."

మేనేజరుకి ఓపెన్లూ తెలీవు, వీక్‌డేలూ తెలీవు. ఆయనకి కావాల్సింది ఒక్కటే. "మళ్ళీ ఇలా జరగదని రాసివ్వగలరా?"

తొందరయ్య నసిగాడు. ఆపరేటరమ్మ నసగలేదు. "ఉన్న ఫైళ్ళన్నీ శుభ్రం చెయ్యడానికి మూడు వారాలు ఇస్తే రాసిస్తాను. ఈ రకంగా జరగదని రాస్తాను. ఏ రకంగానూ జరగదని దేవుడు కూడా రాసివ్వలేడు."

మూడు వారాలు ఇచ్చారు. నూట అరవై ఫైళ్ళు. పొద్దున్న తొమ్మిదికి మొదటి ఫైలు తెరిచి, సాయంత్రానికి ఏడెనిమిది పూర్తిచేసేది. ప్రతి ఫైల్లోనూ ముందు ఓపెన్లన్నీ కొట్టేసేది. దాంతో భాషే, ఈ పేరు నాకు తెలీదు, ఆ పేరు నాకు తెలీదు అని ఒక్కొక్కటీ అరిచేది. అరిచిన ప్రతి పేరుకీ సొంత ఇల్లు వెతికి కలిపేది. ఎవరూ అరవని లైబ్రరీలు కొన్ని తేలాయి. వాటిని ఎవరో ఎప్పుడో తెరిచి, ఒక్క ఫంక్షనూ వాడకుండా వదిలేశారు. అలాంటివి దాదాపు నాలుగువందల లైన్లు పోయాయి.

నాలుగో రోజున తొందరయ్య తను రాసిన ఫైలొకటి తెరిచి చూసి హతాశుడయ్యాడు. ప్రతి మాట ముందూ లైబ్రరీ పేరే. కూడిక గుర్తుకి కూడా ఇంటిపేరు పెట్టేసింది. ఒక్కో లైను తెర దాటి పక్కకి పాకుతోంది.

"అక్కా, ఇది చదవడానికి నోరు చాలదు" అన్నాడు.

"తెలుస్తోందిగా ఎవరెవరో."

"తెలుస్తోంది. పనేం జరుగుతోందో మాత్రం తెలియట్లేదు."

ఆమెకి కోపం వచ్చింది. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి ఆ ఫైలుని తనే మళ్ళీ వింది. వింటుంటే, కోపం దిగి ఇబ్బంది మొదలైంది. ఆయన అన్నది నిజమే. మాస్టారికి ఫోను చేసి, లైను లైనూ చదివి వినిపించింది. ఆయన నాలుగో లైనుకే నవ్వు మొదలెట్టాడు.

"ఏం తల్లీ, ఇంట్లోవాళ్ళని కూడా ఇంటిపేరు పెట్టే పిలుస్తావా? మీ ఆయన్ని అన్నానికి ఎలా పిలుస్తావు?"

"ఏవండీ అంటాను."

"అంతే మరి. ఆ ఇంట్లో 'ఏవండీ' అంటే పలికేది ఒక్కరే. రోజూ వాడేవి, అందరికీ తెలిసినవి అలా ఉండనీ. బయటినుంచి వచ్చినవాళ్ళకే ఇంటిపేరు. అదీ పొడుగ్గా ఉంటే పొట్టిపేరు పెట్టుకో, కానీ అన్ని ఫైళ్ళలోనూ అదే పొట్టిపేరు ఉండాలి. ఒకే ఫైల్లో ఒకే ఫంక్షను పాతికసార్లు వస్తే, పైన ఒక లైనులో ఆ ఒక్కదాన్నే పేరుపెట్టి తెచ్చుకో. తెచ్చుకున్నది ఎక్కడినుంచో ఆ లైనే చెబుతుంది."

పక్కనుంచి వింటున్న భర్త, "చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమే కదా" అన్నాడు.

"ఆ సామెత మోసానికి వాడతారండీ."

"చెట్టు నిజంగా ఉంటే మోసమెందుకవుతుంది?"

మర్నాడు, అప్పటిదాకా చేసిన ముప్పై ఫైళ్ళూ మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. తొందరయ్యని పిలిచి, "నిన్న మీరన్నది సబబే" అని ముక్తసరిగా చెప్పింది. ఆయన ఏదో అనబోతే చెయ్యి ఎత్తి ఆపి, ఇంకో కుర్చీ లాగి చూపించింది. తన ఇయర్‌ఫోను తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయనకి అందే వేగానికి గొంతుని తగ్గించింది.

"కళ్ళు మూసుకోండి. శుక్రవారంనాటి పాత ఫైలు ఇది. వింటూ, వీక్‌డే ఎవరిదో చెప్పండి."

ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. ఓపెన్, ఓపెన్, ఓపెన్. తొమ్మిది పేర్లు దాటి, అరవై లైన్లు నడిచి, వీక్‌డే వచ్చేసరికి పైన విన్న పేర్లలో నాలుగు మర్చిపోయాడు. "డ్యూటీది" అన్నాడు.

"కాదు."

మళ్ళీ వినిపించమన్నాడు. రెండోసారి కూడా, తెలిసి కూడా, తడబడ్డాడు. ఆ తర్వాత ఆమె కొత్త ఫైలు వినిపించింది. పైన మూడే లైన్లు, మూడు పొట్టిపేర్లు. కింద 'డ్యూటీ డాట్ వీక్‌డే' అని రాగానే ఆయన కళ్ళు తెరిచాడు.

"నాకు ఆ చిన్న డబ్బా చెబుతుంది కదా అని..." అని ఆగిపోయాడు.

"ఆ డబ్బా శుక్రవారం కూడా చెప్పేదే. మీరు మౌసు పెట్టలేదు. వెతుక్కుంటే కనిపించేది ఒకటి, వెతక్కుండానే వినిపించేది ఒకటి. నాకు రెండోదే కావాలి. మీకూ అదే మంచిది."

ఆయన ఆ ఇయర్‌ఫోను తిరిగిచ్చి, తన బల్ల దగ్గరికి వెళ్ళి, చివర ఎనభై ఫైళ్ళు తనకి వదిలెయ్యమన్నాడు. ఆయన వేగం ఆ పనికి బాగా పనికొచ్చింది. మూడో వారం గురువారానికే పని ముగిసింది. మధ్యలో ఆయనే ఒకటి పట్టుకున్నాడు. తను రాసిన ఫంక్షనొకటి వేరే లైబ్రరీలో అదే పేరున్న దాని కింద ఏడాదిగా కప్పబడి ఉంది. రెండూ ఒకే పని చెయ్యడంతో కొంప మునగలేదు, అంతే. దాన్ని దాచుకోకుండా, కుర్చీ తిప్పి గదంతా వినపడేలా చెప్పాడు. ఆఖరున, నోరు మూయించిన హెచ్చరికల్ని మళ్ళీ మాట్లాడనిచ్చారు. మూడొందల పైచిలుకు ఉండేవి, పదకొండు మిగిలాయి. ఆ పదకొండూ ఒక పూటలో సరిచేశారు.

మేనేజరుకి కాగితం రాసిచ్చింది ఆపరేటరమ్మ. నాలుగే మాటలు. లైబ్రరీని మొత్తంగా తెరవం. పొట్టిపేరుతో పిలుస్తాం. ఎక్కువసార్లు కావాల్సినదాన్ని పేరుపెట్టి తెచ్చుకుంటాం. వాడనిది ఉంచం. ఆయన చదివి, ఇందులో కంప్యూటరు సంగతేముంది, ఇది మా స్టోర్సు రూముకి కూడా పనికొస్తుంది కదా అన్నాడు. సంతకం చేసి లోపల పెట్టుకున్నాడు.

నాలుగు నెలలకి డేట్ లైబ్రరీ ఇంకో వెర్షను వచ్చింది. ఈసారి ఇరవై కొత్త పేర్లు చేర్చారు, అందులో మూడు మాస్టారి లైబ్రరీలో ఉన్న పేర్లే. తొందరయ్య దాన్ని సోమవారం పొద్దున్న, అందరూ ఉండగా ఎక్కించాడు. ఇద్దరూ కూర్చుని చార్టు తీశారు. పాతదానితో పోల్చి చూశారు. ఒక్క గడి మారలేదు. ఆయన ఇంకోసారి పోల్చాడు.

"చాల్లెండి" అంది ఆమె. "వచ్చినవాళ్ళు వాళ్ళింట్లో వాళ్ళున్నారు, మనవాళ్ళు మనింట్లో ఉన్నారు."

ఆ ఏడాది చివర్లో ఆమెని ఇంకో డిపోవాళ్ళు పదిరోజులకి అడిగి పిలిపించుకున్నారు. వాళ్ళ చార్టు ప్రోగ్రాము కూడా అదే భాషలో ఉంది, ఎప్పుడు ఏం చేస్తుందో వాళ్ళకే తెలీదు. భర్త బస్సెక్కించి, అవతల దింపుకోవడానికి మనిషి వస్తాడా అని రెండుసార్లు అడిగాడు. వస్తాడని రెండుసార్లూ చెప్పింది. కొత్త గది, కొత్త కుర్చీ, ఎవరో తెలియని నాలుగు గొంతులు. అందులో ఒక ఆడగొంతు, "మీకు ఎవరైనా చదివి పెట్టాలాండీ?" అని మొహమాటంగా అడిగింది.

"అక్కర్లేదమ్మా, నాకు చదివేది ఉంది. ముందు అన్నిటికన్నా పెద్ద ఫైలు ఏదో అది తెరవండి."

తెరిచారు. ఆమె ఇయర్‌ఫోను చెవికి తగిలించుకుని, వేళ్ళు బల్లమీద ఆన్చి, మొదటి లైనునుంచి వినడం మొదలెట్టింది. ఒకటి, రెండు, మూడు. గదిలో వాళ్ళు ఆమె మొహంకేసి చూస్తున్నారు. ఇరవై మూడో ఓపెన్ దగ్గర గొంతుని ఆపేసింది.

"టీ తెప్పించండి" అంది. "అందరికీ. కుర్చీలు కూడా దగ్గరికి లాక్కోండి, ఇవాళ మనకి బోలెడు పనుంది."